మడ్డి మీది తేట: ఇంటి వైన్‌కు గొట్టమా, పంపా?

గానుగ నూనె తెచ్చి రెండు రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకునే ఇళ్ళకు, చిల్లగింజ అరగదీసి చెరువు నీళ్ళు తేర్చుకున్న ఊళ్ళకు ఈ పని కొత్తదేమీ కాదు. ద్రాక్షరసం పులిసి వైన్ అయ్యాక ఈస్టు, గుజ్జు, తొక్కల ముక్కలు అడుగున మడ్డిగా చేరతాయి. ఆ మడ్డి లేవకుండా పైనున్న వైన్‌ను ఇంకో పాత్రలోకి దించుకోవాలి. వైన్ చేసేవాళ్ళు దాన్ని ర్యాకింగ్ అంటారు గానీ మనకు తేట తీయడం అన్న మాట చాలు. తేడా ఒక్కచోటే ఉంది. నూనెను చెంబుతో ముంచి, గరాటులో ఎత్తు నుంచి పోసినా కొంప మునగదు. వైన్‌ను అలా పోస్తే ఆ రోజుకు బాగానే ఉంటుంది, నాలుగైదు నెలల తర్వాత సీసా విప్పినప్పుడు తెలుస్తుంది: రంగు గోధుమకు తిరిగి ఉంటుంది, పండు వాసన పోయి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వస్తుంది. తప్పు జరిగిన రోజుకూ బయటపడిన రోజుకూ మధ్య అంత దూరం ఉండటం వల్లే ఈ పనికి ఏ పరికరం మంచిదన్న ప్రశ్న ఎడతెగకుండా నడుస్తోంది. దోషం ఎవరిదో ఎవరికీ పక్కాగా దొరకదు.

ఈ ప్రశ్న ముఖ్యంగా అమెరికా, కెనడా, బ్రిటన్ ఇళ్ళది. అమెరికా కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం వయసొచ్చిన మనిషి ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల దాకా, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి పన్ను లేకుండా వైన్ చేసుకోవచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళకూ అదే వర్తిస్తుంది. ఇక్కడ సంగతి వేరు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి ఇంటి వైన్ అంటే ఈ వ్యాసంలో మనసులో పెట్టుకోవలసింది అక్కడి ఇల్లు: గ్యారేజీలోనో బేస్‌మెంటులోనో సన్న మెడల 23 లీటర్ల గాజు సీసాలు, అంటే కార్బాయ్‌లు రెండో మూడో, పక్కన ప్లాస్టిక్ బకెట్టు, గోడకు వేలాడే గొట్టం. ఆ ఇంటివాళ్ళకు దుకాణం చూపించే సామాను మాత్రం చాలా ఉంది. మామూలు సైఫన్ గొట్టం, చేత్తో లాగి నొక్కే ఆటో-సైఫన్, అడుగున కుళాయి ఉన్న పాత్ర, కరెంటు పంపు, వ్యాక్యూమ్ పంపు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. వీటిని ఎక్కువగా వేగాన్ని చెప్పి అమ్ముతారు. నిమిషానికి ఇన్ని లీటర్లని పెట్టె మీదే రాసి ఉంటుంది. ఆ కొలత ఇంట్లో అన్నిటికన్నా చివర చూడవలసింది. పరికరం లోపలికి ఎంత గాలి రానిస్తుంది, అడుగున ఎంత మడ్డి లేపుతుంది, కడిగాక తనలో ఎంత మురికి దాచుకుంటుంది అన్నవి ముందు చూడాలి. ఈ మూడింటితో తూచితే రెండు మూడు కార్బాయ్‌ల ఇంట్లో ఎత్తూ పల్లమూ, ఒక పారదర్శకమైన గొట్టమూ చాలా యంత్రాల కన్నా మెరుగని తేలుతుంది. పంపుకు పెట్టే డబ్బును పాత్రలకు పెట్టడం తెలివని కూడా తేలుతుంది.

గాలి సంగతి ముందు చూద్దాం. 20 డిగ్రీల దగ్గర గాలితో పూర్తిగా కలిసిన వైన్‌లో లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. చల్లటి వైన్‌లో ఇంకా ఎక్కువ కరుగుతుంది. అంటే చలికాలం గ్యారేజీలో చేసే పనికి జాగ్రత్త పెరగాలే తప్ప తగ్గకూడదు. వైన్‌ను కాపాడటానికి వేసే సల్ఫైటు ఈ ఆక్సిజన్‌కు లెక్క ప్రకారం ఒకటికి నాలుగు చొప్పున ఖర్చవుతుంది: ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్, నాలుగు మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. ఆ చొప్పున, ఎత్తు నుంచి బుడబుడమని పోసి గాలితో నింపేసిన వైన్ లీటరుకు 32 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్‌ను తినేయగలదు. పీహెచ్ 3.4 ఉన్న తెల్ల వైన్‌కు దేనితోనూ కలవకుండా విడిగా ఉండాలని చెప్పే మోతాదు సుమారు అంతే. నిజానికి ఎర్ర వైన్‌లో టానిన్లు, రంగు పదార్థాలు కొంత ఆక్సిజన్‌ను తామే పుచ్చుకుంటాయి గనుక లెక్క అంత కచ్చితంగా నడవదు. అయినా విషయం అర్థమవుతుంది. ఒక్క అజాగ్రత్త తేట ఆ వైన్‌కు ఉన్న కాపలా మొత్తాన్ని ఖాళీ చేయగలదు. అదే వైన్‌ను గొట్టం చివర కింది పాత్ర అడుగుకు ఆనేలా పెట్టి నెమ్మదిగా దించితే చేరే ఆక్సిజన్ అందులో చిన్న భాగమే. ఈ తేడా తెచ్చేది పరికరం ఖరీదు కాదు, గొట్టం చివర ఎక్కడుందన్నదే.

గాలి దూరే దారి మరొకటి ఉంది. కంటికి కనిపించినా చాలామంది పట్టించుకోనిది. సైఫన్ గొట్టం పైకెక్కి దిగే వంపు దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తక్కువ. అక్కడ అతుకు వదులుగా ఉంటే వైన్ బయటకు కారదు, గాలి లోపలికి వస్తుంది. చెయ్యి తడవదు గనుక అనుమానం రాదు. వైన్‌లో ముంచే బోలు ప్లాస్టిక్ కర్రకు మెత్తటి గొట్టం తొడిగిన చోట దీపం పెట్టి చూస్తే, ఆవగింజంత బుడగలు వరసగా పుట్టి ప్రవాహంతో పాటు జారిపోవడం కనిపిస్తుంది. ఆటో-సైఫన్‌లో ఈ బుడగలు అడుగున ఉన్న రబ్బరు సీలు దగ్గరా పుడతాయి. కొన్నాళ్ళు వాడాక ఆ సీలు వదులవడం మామూలే. కొత్త వైన్‌లో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కూడా ఇదే వంపులో బుడగలై చేరి ప్రవాహాన్ని తెంచుతుంది. కాబట్టి బుడగ కనిపించగానే గాలే అని కంగారు పడనక్కర్లేదు. అతుకు దగ్గర పుడుతోందా, వైన్ లోంచే పుడుతోందా అని చూడాలి. పారదర్శకమైన గొట్టానికి విలువ ఇక్కడే. రంగు గొట్టమో అల్లిక గొట్టమో వాడితే ఈ చూపు పోతుంది. అతుకుకు బిగించే చిన్న క్లాంపు రెండు మూడు డాలర్లు దాటదు, చాలా పంపుల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

వేగం సంగతి చూద్దాం. పై పాత్రలోని వైన్ మట్టానికీ గొట్టం కొసకూ మధ్య 60 సెంటీమీటర్ల తేడా, రెండు మీటర్ల గొట్టం అనుకుంటే, లోపలి వ్యాసం 9.5 మిల్లీమీటర్లున్న గొట్టంలో 23 లీటర్లు దిగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. 12.7 మిల్లీమీటర్ల గొట్టంలో దాదాపు సగం. ఈ రెండూ దుకాణంలో మామూలుగా దొరికే సైజులే. పంపు పెడితే మరో నిమిషం కలిసివస్తుందేమో. ఆ పంపునూ దాని గొట్టాలనూ విప్పి, కడిగి, శుద్ధి చేసి, ఆరబెట్టడానికి పావుగంట పోతుంది. ఒక కార్బాయ్‌కి పంపు కాలాన్ని ఆదా చేయదు, ఖర్చు చేస్తుంది. మడ్డి లెక్క చూస్తే వేగం అసలు శత్రువే. కర్ర మొన దగ్గర లాగుడు ఎంత జోరుగా ఉంటే మెత్తటి మడ్డి అంత తేలిగ్గా లేస్తుంది. అందుకే మొనకు తలకిందుల టోపీలాంటిది తొడుగుతారు. వైన్ అడుగు నుంచి కాక, ఒకటి రెండు సెంటీమీటర్ల పై నుంచి లోపలికి వస్తుంది. ముందురోజే కార్బాయ్‌ కింద ఒక పక్క చెక్క ముక్క పెట్టి వాలుగా ఉంచితే మడ్డి ఓ మూలకు చేరుతుంది. కర్రను ఎదుటి పక్క దించితే చివరి లీటరు కూడా తేటగా వస్తుంది. పని మొదలెట్టాక వంచితే మాత్రం అంతా కలిసిపోతుంది.

అలాగని అన్ని దశలకూ ఒకే గొట్టం సరిపోదు. మొదట పులిసే బకెట్టులో, తొక్కలూ గింజలూ తేలుతున్నప్పుడు, వైన్ ఇంకా కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. గాలి భయం అప్పుడు తక్కువ, గొట్టం మూసుకుపోయే భయం ఎక్కువ. అక్కడ లావు గొట్టం, బకెట్టుకు కుళాయి, కుళాయి వెనక జల్లెడ ఉంటే మేలు. నాలుగు నెలల తర్వాత తేరిన వైన్‌కు సన్న గొట్టం, నిదానం కావాలి. చాలామంది మొదటి దశ కష్టాలు చూసి పంపు కొని, రెండో దశలోనూ దాన్నే వాడతారు. తప్పు అక్కడ మొదలవుతుంది.

సైఫన్‌ను ఎలా మొదలెట్టాలన్నది ఇంకో రగడ. మన పల్లెల్లో డీజిల్ డ్రమ్ముకు గొట్టం పెట్టి నోటితో పీల్చినట్టు పీలిస్తే వైన్ పాడవుతుందా? నోట్లోని సూక్ష్మజీవుల్లో చాలావాటికి పన్నెండు శాతం ఆల్కహాలు, అంతటి ఆమ్లం ఉన్న చోట బతుకు కష్టం. అందుకే పాతకాలం ఇళ్ళలో అలా పీల్చినా అన్ని వైన్లూ చెడిపోలేదు. ఆ వాదన నిజమే గానీ అవసరం లేని పందెం. శుద్ధి ద్రావణంతో గొట్టం నింపి, కొస మూసి, కర్రను వైన్‌లో ముంచి, కొసను పక్క గిన్నెలోకి వదిలితే ద్రావణం వెనకే వైన్ వస్తుంది. రంగు మారగానే కొసను కార్బాయ్‌లోకి మార్చాలి. పైసా ఖర్చు లేదు. ఆటో-సైఫన్ కొనడంలో తప్పు లేదు, పని తేలికవుతుంది. కానీ దాని గొట్టం మరుగుతున్న నీళ్ళకు తట్టుకోదు, గీతలు పడితే ఆ గీతల్లో మడ్డి దాగుతుంది, సీలు మార్చుకుంటూ ఉండాలి. అది పదేళ్ళ వస్తువు కాదు, రెండు మూడేళ్ళకు మార్చే వస్తువు అనుకుని కొంటే పేచీ ఉండదు.

ఇక పంపుల తరఫు వాదన. అందులో నిజంగా గట్టిది ఒకటే ఉంది, అది నడుము. 23 లీటర్ల వైన్, ఆరేడు కిలోల గాజు కలిపితే దాదాపు 30 కిలోలు. తడి చేతులతో, నున్నటి మెడ పట్టుకుని, దాన్ని నేల మీంచి బల్ల మీదకు ఎత్తాలి. జారి పగిలిన కార్బాయ్ గాజు చేతి నరాలను కోసేసిన ప్రమాదాలు ఇంట్లో వైన్, బీరు చేసేవాళ్ళలో తెలియనివి కావు. వైన్‌ను ఎత్తు తేడాతో దించుకోండి అని చెప్పేవాళ్ళు ఈ ఎత్తే పనిని ఎవరు చేస్తారో చెప్పరు. సగం జవాబు ముందుచూపులో ఉంది. కార్బాయ్‌ను ఖాళీగా ఉన్నప్పుడే గట్టి బల్ల మీద పెట్టి అక్కడే నింపితే, తర్వాతి తేట నేల మీదికే దిగుతుంది. కానీ ఆ తర్వాతి తేటకు నేల మీది పాత్ర మళ్ళీ పైకి రావాలి కదా. ఆరేడు కార్బాయ్‌లు ఉన్నవాళ్ళకు, నడుము సహకరించనివాళ్ళకు ఇక్కడ పంపు తప్పదు. ఆ మాట దాచిపెట్టి గొట్టాన్ని మెచ్చుకోవడం నిజాయితీ కాదు.

అప్పుడు ఏ పంపు? వైన్‌ను తన గుండా పోనిచ్చే పంపులు ఒక రకం. రబ్బరు రెక్కల చక్రం తిరిగే పంపు గట్టిదే గానీ పొడిగా తిరిగితే కాసేపట్లోనే రెక్కలు కాలి చిరుగుతాయి. కార్బాయ్ ఖాళీ అయ్యే క్షణాన స్విచ్చు ఆపకపోతే సరిగ్గా అదే జరుగుతుంది. పైగా లాగే పక్క అతుకు వదులైతే పంపు గాలిని పీల్చి వైన్‌తో కలిపి చిలికేస్తుంది. సైఫన్ లోపమే అయినా ఇక్కడ కొన్ని రెట్లు ఎక్కువ. మామూలు నీళ్ళ పంపుల్లో ఇత్తడి, ఇనుము భాగాలుంటాయి. రాగి, ఇనుము వైన్‌లో కొద్దిగా కరిగినా ఆక్సిజన్ చర్యలను తరుముతాయి, మబ్బును తెస్తాయి. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప మరేదీ వైన్‌కు తగలకూడదు. రెండో రకం వ్యాక్యూమ్ పంపు. అది వైన్‌ను ముట్టుకోదు, వైన్ చేరాల్సిన పాత్రలోంచి గాలిని లాగేస్తే వైన్ తనంతట తానే అందులోకి వస్తుంది. చేరే పాత్రలో గాలే తక్కువ గనుక ఆక్సిజన్ కూడా తక్కువ, వైన్‌లో కరిగిన వాయువు బయటికి వచ్చేస్తుంది, పంపు లోపల కడగాల్సిందేమీ ఉండదు. రెండు కార్బాయ్‌లూ నేల మీదే ఉన్నా పని అవుతుంది. ఇంటివాళ్ళకు పంపే కావాలంటే ఇదే కొనాలి. ఒక్క షరతు: పాత్ర గట్టి గాజుదై ఉండాలి, గాజులో గీతలూ పగుళ్ళూ ఉండకూడదు. ప్లాస్టిక్ కార్బాయ్‌కి తగిలిస్తే చేత్తో నలిపిన కాగితం గ్లాసులా ముడుచుకుపోతుంది.

ఆక్సిజన్ గురించి ఇంతగా భయపెట్టడం అతి అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పాశ్చర్ తోడున్నాడు. 1866లో వైన్ మీద అచ్చువేసిన తన అధ్యయనంలో, వైన్ ముదరడానికి ఆక్సిజనే కారణమని ఆయన ప్రయోగాలతో చూపాడు. ఫ్రాన్సులో మదిరాన్ ప్రాంతంలో 1990ల మొదట్లో వైన్ తయారీదారు ప్యాట్రిక్ డ్యుకూర్నో టన్నా ద్రాక్ష గరుకు తగ్గించడానికి చిన్న చిన్న మోతాదుల్లో ఆక్సిజన్ ఎక్కించే పద్ధతే తయారుచేశాడు. బోర్డోలో పీపాల వైన్‌ను మూడు నెలలకోసారి తేట తీసేటప్పుడు కొంత గాలి తగలనివ్వడం కావాలని చేసే పనే. ఇవన్నీ నిజాలే, కానీ వీటిలో దేనిలోనూ గాలి గొట్టం అతుకు వదులైనందువల్ల రాలేదు. మోతాదు, సమయం, వైన్ రకం మనిషి చేతిలో ఉన్నాయి. టానిన్లు దండిగా ఉన్న టన్నాకు మేలు చేసేది తేలికపాటి తెల్ల వైన్‌ను చంపేస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వైన్ ఒక్కటే ఇంట్లో నిజంగా మినహాయింపు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అప్పుడు గొట్టం కొసను కింది పాత్ర గోడకు ఆనించి వైన్‌ను పల్చగా జారేలా దించితే ఆ వాయువు కొంత ఎగిరిపోతుంది. దానికి కూడా కావలసింది అదే గొట్టం, కొసను పట్టుకోవడమే వేరు.

గాలిని తరమడానికి వాయువు కొనేవాళ్ళ మాట కూడా కొంత చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువు గనుక పాత్ర అడుగున కంబళిలా పరుచుకుంటుందని ప్రచారం. పోసే ఊపుకే అది గాలితో కలుస్తుంది. పూర్తిగా కలిసిందనే అనుకుంటే, పాత్ర నిండేటంత వాయువు పంపినా 37 శాతం గాలి మిగులుతుంది, మూడింతలు పంపితే 5 శాతం. 23 లీటర్ల కార్బాయ్‌కి మూడింతలంటే 69 లీటర్లు, బరువులో దాదాపు 127 గ్రాములు. అడుగు దాకా గొట్టం దించి నెమ్మదిగా వదిలితే ఫలితం ఇంతకన్నా మెరుగే. అయినా 16 గ్రాముల బుడ్డి ఒకటి చిమ్మి పాత్ర భద్రమైందనుకోవడం మనసును ఊరడించుకోవడమే. సిలిండరూ రెగ్యులేటరూ ముందే ఉన్న బీరు ప్రియుల ఇంట్లో అయితే వాడుకోవచ్చు. దీనికోసమే కొనక్కర్లేదు.

తేట తీసే ఆ ఐదు నిమిషాల్లో కన్నా ఎక్కువ నష్టం తర్వాతి నెలల్లో జరుగుతుంది. మడ్డి పోగా 22 లీటర్లే మిగిలి, 23 లీటర్ల కార్బాయ్‌లో లీటరు గాలి నిలిచిందనుకోండి. ఆ లీటరు గాలిలో 280 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటుంది, అంతా వైన్‌లోకి దిగితే లీటరుకు 12 మిల్లీగ్రాములు దాటుతుంది. ఎంత నేర్పుగా దించినా ఆ నేర్పు నీళ్ళపాలు. పైగా మెడ దాకా నిండిన కార్బాయ్‌లో వైన్ గాలికి కనిపించే చోటు పాత రూపాయి బిళ్ళంత. భుజం కిందికి జారితే అది భోజనం పళ్ళెమంత అవుతుంది, వంద రెట్లు. అందుకే పంపు డబ్బుతో కొనవలసినవి 19 లీటర్లది ఒకటి, నాలుగు లీటర్లది ఒకటి, 750 మిల్లీలీటర్ల సీసాలు కొన్ని. 23 లీటర్లలోంచి దించిన వైన్ 19లో మెడ దాకా నిండుతుంది, మిగిలింది చిన్న పాత్ర నిండేటంత ఉంటే అందులోకి, లేకపోతే సీసాల్లోకి పోతుంది. అడుగున మడ్డితో కలిసిన చివరి అరలీటరును గాజు జాడీలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో మళ్ళీ తేరుతుంది, నూనె తేర్చినట్టే. ఆ తేట తర్వాత పాత్ర నింపడానికి పనికొస్తుంది.

కడగడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. క్లోరిన్ బ్లీచు వైన్ సామాను దరిదాపులకు రానివ్వకూడదు. క్లోరిన్, బూజు కలిసిన చోట టీసీఏ అనే పదార్థం పుట్టి తడి అట్టపెట్టె వాసన తెస్తుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. సోడియం పర్‌కార్బనేట్‌తో కడిగి, సల్ఫైటు ద్రావణంతోనో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న శుద్ధి ద్రావణంతోనో తడిపితే చాలు. లోపల ఎర్రటి మరక పట్టి మసకబారిన గొట్టాన్ని తోముతూ కూర్చోవద్దు. మీటరు గొట్టం ధర ఒక సీసా వైన్ ధర కన్నా తక్కువే. కుళాయి ఉన్న పాత్రలు వాడేవాళ్ళు ఆ కుళాయి మరల్లోకి ఓసారి తొంగి చూడాలి. విప్పి చూడని కుళాయి ఎంత తెల్లగా కనిపించినా శుభ్రమైనది కాదు. సిలికాన్ గొట్టం గాలిని లోపలికి పోనిస్తుందని కొందరు వద్దంటారు. వైన్ అందులో ఉండేది నిమిషాలు మాత్రమే గనుక ఆ అభ్యంతరం తేట తీయడానికి వర్తించదు. మరిగే నీళ్ళకు తట్టుకోవడం దాని లాభం. వ్యాక్యూమ్ పంపుకు మాత్రం గోడ మందంగా లేని సిలికాన్ గొట్టం చప్పిడి అవుతుంది.

చివరి దింపుడు సీసాల్లోకి. 23 లీటర్లకు ముప్పై సీసాలు. అదే సైఫన్ కొసకు స్ప్రింగు మొన ఉన్న నింపుడు కర్ర తొడిగితే సీసా అడుగుకు ఆనగానే వైన్ వస్తుంది, ఎత్తగానే ఆగుతుంది, వైన్ కింది నుంచి పైకి నిండుతుంది. అంచు దాకా నింపి కర్ర బయటికి తీస్తే, కర్ర ఆక్రమించిన చోటు ఖాళీ అయి మట్టం కాస్త దిగుతుంది. బిరడాకు చోటు విడిచి, దాని కిందుగా సెంటీమీటరున్నర గాలి మిగిలితే చాలు. అంతకన్నా దిగితే ఫ్రిజ్‌లో దాచిన జాడీలోంచి చెంచాడు పోసి బిరడా కొట్టాలి.